గాజు గిన్నెలో ఏడో రోజు

ఫిబ్రవరి 6

మా వంశంలో మిగిలి ఉన్న ఒక్కగానొక్క తమ్ముడికీ, వాణ్ణి కట్టుకున్న పాపానికి ఈ ఉత్తరం పైకి చదవాల్సి వచ్చిన మరదలికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: ఆసుపత్రి సీసాలు కడుగు గదిలో పనిచేయు ఈ క్రింద సంతకంగల ఆడమనిషికి, పదకొండేళ్ళ విన్నపాల అనంతరం, వీపు ఆనించుకొనుటకు చెక్క గల స్టూలు ఒకటి మంజూరైనది. సదరు స్టూలుకు మూడు కాళ్ళు సమానము. నాలుగవది పొట్టి. దాని కింద పెట్టుకొనుటకు అట్టముక్క కావలెనన్న వేరే దరఖాస్తు పెట్టుకోవలెనని ఆఫీసువారు సెలవిచ్చారు. దరఖాస్తు కాగితాన్నే మడిచి కాలికింద పెట్టితిని.

ఒరేయ్, ఇక అసలు సంగతి. ఫోను చేస్తే తీసి, ఊపిరి చప్పుడు వినిపించి పెట్టేస్తున్నావు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టేయలేవు. మీ ఆవిడ గొంతు పదహారేళ్ళుగా వింటున్నావు, ఇంకో పావుగంట విను.

సబ్బుల కార్ఖానాలో కాస్టిక్ డబ్బా నీ మొహం మీద చిమ్మి ఐదు నెలలైంది. మా పెద్ద డాక్టరు నీ కళ్ళు చూసి చెప్పింది నువ్వు వినలేదు, గోడవైపు తిరిగి కూర్చున్నావు. మళ్ళీ చెబుతున్నాను. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పలచని చర్మం ఒకటి ఉంటుంది. అది రోజూ అరిగిపోతుంది, రోజూ కొత్తది వస్తుంది. కొత్తది తయారుచేసే మూలకణాలు నల్లగుడ్డుకీ తెల్లగుడ్డుకీ మధ్య గట్టు మీద కాపురముంటాయి. నీవి కాలిపోయాయి. అందుకని తెల్లగుడ్డు తోలే పాకి వచ్చి నీ కిటికీ మూసేసింది. ఒక కన్ను బాగున్నా దానిలోంచే ముక్క తీసి రెండోదానికి వేసేవాళ్ళు. రెండూ పోయాయి గనక రక్తసంబంధం కావాలన్నారు. ఆ సంబంధం ఖర్మకొద్దీ నేనే. నా కంటి గట్టు మీంచి బియ్యపుగింజలో సగమంత ముక్క తీసి, మా ల్యాబులో రెండు వారాలు పెంచి, పొరగా చేసి, నీ కుడి కంటికి అతికిస్తారు. ముందు ఆ ఒక్క కన్నే.

ఒక్క జాగ్రత్త. ఇవి ఇంకా ఏ ఉద్యోగమూ తేల్చుకోని కణాలట. ఏదైనా ఒకటి దారి తప్పి పన్నుగా తేలిందనుకో, పొద్దున్నే నోటితోపాటు కన్ను కూడా తోముకోవాలి.

సంతకం పెట్టాల్సిన కాగితం ఇందులోనే ఉంది.

స్టూలు గల అక్క


ఫిబ్రవరి 17

వదినకు నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం అని రాయడం అలవాటు గనక రాశాను. ఆయన తలుపుకీ బీరువాకీ మధ్యనున్న కుర్చీలో కూర్చుంటున్నారు. అక్కడ వెలుతురు తక్కువ. వెలుతురు పడితే కళ్ళు మంట అంటారు. పనికి వెళుతూ రేడియో పెట్టి వెళతాను. వచ్చేసరికి ఆపేసి ఉంటుంది. కంచంలో సగం వదిలేస్తున్నారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నారు. రెండోసారి పన్ను దగ్గర ఆపమన్నారు. మూడు రోజులు ఏమీ అనలేదు. నాలుగో రోజు గడ్డం గీస్తుంటే అడిగారు, "పన్ను మొలిస్తే పన్ను పీకుతారా, కన్ను పీకుతారా?" అని. అది వేళాకోళమండీ అన్నాను. మా అక్క వేళాకోళాలన్నిట్లోనూ సగం నిజముంటుంది అన్నారు. కాగితం మడిచి బీరువా కిందికి తోసేశారు. చీపురుతో లాగి దాచాను.

అందులో ఏ సగం నిజమో నాకు తెలియదు వదినా. మీకు తెలిస్తే రాయండి. పైకి చదివేది నేనే గనక, దయచేసి నవ్వు రాకుండా రాయండి. నవ్వాల్సిన చోట నేను నవ్వలేకపోతే ఆయనకు వినబడుతుంది.

మీ మరదలు


ఫిబ్రవరి 22

తమ్ముడికి,

నవ్వు రాకుండా రాయమని మీ ఆవిడ ఆర్డరు. నా చేతిరాతకి అది కొత్త.

ఏడో తరగతి ఫెయిలైనదాన్ని నా మాట నువ్వు నమ్మవని, కణాలు పెంచే మేడమ్‌ని అడిగాను. మేము ఆవిణ్ణి మౌనం మేడమ్ అంటాం. రోజుకి పది మాటలకు మించి మాట్లాడదు. నీకోసం సింకు పక్కన నిలబడి వారం మాటలు ఖర్చుపెట్టింది. నాకు అర్థమైనంత రాస్తున్నాను.

మనమందరం మొదట ఒకే ఒక్క కణం. అది రెండై, నాలుగై, చిన్న ముద్దవుతుంది. అప్పుడు మాత్రం ఏ కణమైనా ఏదైనా కావచ్చు. పన్ను, గుండె, గోరు, ఏదైనా. ఆ తర్వాత ఎవరు ఎక్కడ ఇరుక్కున్నారన్నదాన్ని బట్టి పని ఖాయమవుతుంది. పక్కనున్న కణం పంపే కబురు, కింద తగిలే పొర మెత్తనా గట్టా, అన్నీ కలిసి చెబుతాయి. ప్రతి కణంలోనూ మొత్తం పుస్తకమంతా ఉంటుందట. కానీ ఆ చోటికి కావలసిన పేజీలే తెరుచుకుంటాయి. మిగతావి నువ్వు లెక్కల పుస్తకానికి గంజి పూసి అంటించినట్టు అంటుకుపోతాయి. కంటి గట్టు మీది కణానికి పన్ను పేజీ మనం అమ్మ కడుపులో ఉండగానే అంటుకుపోయింది. అది ఇక విడదు. అది చేయగలిగింది కంటి చర్మం ఒక్కటే.

మరి మూలకణం అని ఎందుకన్నారూ అంటే, అది తరగదు గనక. ఒకటి రెండవుతుంది. రెండిట్లో ఒకటి గట్టు మీదే ఉండిపోతుంది. ఇంకోటి లోపలికి నడుస్తుంది. నడుస్తూ నడుస్తూ అద్దమవుతుంది, కొన్నాళ్ళకి రాలిపోతుంది. నడిచింది మళ్ళీ గట్టుకి రాదు. గట్టు మీదిది ఇంకోదాన్ని పంపుతుంది. అంతే దాని బతుకు.

నువ్వు అడక్కపోయినా మేడమ్ చెప్పిన ఇంకో మాట కూడా రాస్తాను. ఇవి నా కణాలు. నీ ఒంటికి పరాయివి. నీ ఒళ్ళు వాటిని తరిమేయకుండా చాలాకాలం మాత్రలు వేసుకోవాలి.

పన్ను మాట నా నోటిదురద. నువ్వు మూడు రోజులు దాన్ని మోస్తావనుకోలేదు.

అక్క


మార్చి 4

వదినకు,

సంతకం పెట్టారు. కాగితం మీద మొదలై బల్ల మీద ముగిసింది. బల్ల మీది సగం తుడవలేదు.

రక్తపరీక్షలు అయ్యాయి, కాగితాలు జతచేశాను. మీ ఉత్తరం చదివాక ఒక్క ప్రశ్న అడిగారు. ముక్క తీస్తే అక్క గట్టు ఏమవుతుంది అన్నారు. నాకు తెలియదన్నాను. మీరు ఎలా ఉన్నారని నేనూ అడగాల్సింది. అడుగుతున్నాను.

మీ మరదలు


మార్చి 19

తమ్ముడికీ మరదలికీ,

గీతలు వంకరగా ఉంటే సర్దుకోండి. ఒంటికన్నుతో రాస్తున్నాను. నిన్న కుడి కంటినుంచి ముక్క తీశారు. చుక్కల మందు వేసి మొద్దుబార్చాక ఏం తీశారో, ఎప్పుడు తీశారో తెలియలేదు. గట్టు దానంతటదే పూడుకుంటుందట, వారం. కాబట్టి ఆ ప్రశ్న కొట్టేయి.

ముక్కని ఒక గాజుగిన్నెలో పలచని పొర మీద పరిచారు. బిడ్డ పుట్టాక మాయ వస్తుంది చూడు, దాని లోపలి పొర. కణాలకి అది తెలిసిన పక్కలాంటిదట. ఆ గిన్నెని ఒంటివేడి ఉండే పెట్టెలో పెట్టి రోజు విడిచి రోజు పోషకాల నీళ్ళు మారుస్తారు. మారుస్తారంటే ఆ నీళ్ళు కలిపే సీసా నేను కడిగిందే. సబ్బుతో తోమి, పంపునీళ్ళతో ఏడుసార్లు, డిస్టిల్డ్ నీళ్ళతో మూడుసార్లు. సబ్బు వాసనంత మిగిలినా కణం బతకదు. పదకొండేళ్ళుగా ఎవరి కళ్ళకో కడిగాను. నీకూ అదే పది. ఒక్కటి కూడా ఎక్కువ కడగను, పక్షపాతం అంటారు.

నన్ను లోపలికి రానివ్వరు. మైక్రోస్కోపులో కనబడేది తెర మీద పడుతుంది, తలుపుకున్న అద్దంలోంచి చూడొచ్చు. నిన్నటిదాకా అందరివీ చూశాను. ఇప్పుడు తెర మీద నాదే ముక్క. చూస్తే ఏమైనా అనిపిస్తుందేమో అనుకున్నాను. ఏమీ అనిపించలేదు. చిన్న మరకలా ఉంది.

అక్క


మార్చి 24

తమ్ముడికి,

ఇవాళ ఏడో రోజు. విను.

ముక్క చుట్టూ కణాలు బయటికి నడిచాయి. అన్నివైపులా ఒకేలా నడిచాయి, ఎవరో పళ్ళెం పెట్టి గీసినట్టు. గుండ్రంగా ఉంది. ఒక్కో కణం గచ్చు మీద పలకలా పక్కదానికి ఆనుకుని కూర్చుంది, మధ్యన సూది దూరే సందు లేదు. పొద్దున్న ఒకచోట గీతంత ఖాళీ ఉండేది. రెండువైపుల కణాలూ దాన్ని చూసి ఆగినట్టు ఆగాయి. మధ్యాహ్నానికి అది లేదు. గిన్నె అంచుకి తగిలాక ఇక నడవడం మానేశాయి. చోటు అయిపోయిందని వాటికెవరు చెప్పారో.

మౌనం మేడమ్ చూసి, "బాగుంది," అంది. ఆవిడ ఆ మాట వాడగా నేను వినలేదు.

తిండి తిను. ఇక్కడ నీ కన్ను నీకంటే బాగా తింటోంది.

అక్క


మార్చి 28

వదినా,

ఏడో రోజు ఉత్తరం నిన్న వచ్చింది. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. గుండ్రంగానే ఉందందా, మళ్ళీ చదువు అంటారు. భోజనం దగ్గర వేలితో బల్ల మీద గుండ్రంగా గీశారు. గీస్తూ కంచం ఖాళీ చేశారు. ఆరునెలల్లో మొదటిసారి. సాయంత్రం కుర్చీ తనే జరుపుకుని కిటికీ వైపు వచ్చారు. తల వంచుకునే కూర్చున్నారు కానీ వచ్చారు.

ఇవాళ ఉదయం ఆసుపత్రినుంచి ఫోను. ఒకటో తేదీ ఆపరేషను వాయిదా పడిందట. కారణం వదిన రాస్తుంది అన్నారు. పెట్టె సర్దేశాను వదినా. ఆయనకి ఇంకా చెప్పలేదు. కారణం త్వరగా రాయండి.

మీ మరదలు


ఏప్రిల్ 2

అమ్మాయ్,

కారణం ఏమీ లేదు. పెద్ద డాక్టరు సెలవు మీద వెళ్ళాడు. ఆయన ఆయుష్షులో మొదటిసారి సెలవడిగితే ఇచ్చేశారు. పొర పెట్టెలో భద్రంగానే ఉంది. ఇంకో మూడు వారాలు. వాడికి అలాగే చెప్పు.

నాకు కొంచెం ఒంట్లో బాగోలేదు. పొడుగ్గా రాయలేను.

వదిన


ఏప్రిల్ 9

వదినకు,

నిన్న నేనే ఆసుపత్రికి ఫోను చేశాను. పెద్ద డాక్టరుగారు ఒకటో తేదీన ఆపరేషన్లలోనే ఉన్నారని చెప్పారు. సెలవు పెట్టలేదు.

ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకుంటే అనుకోండి. ఇచ్చాక మనసు మారిందా? కన్ను నొప్పి పెడుతోందా? ఎవరైనా భయపెట్టారా? మారితే మారిందని చెప్పండి. మీ కన్ను మీది. అడిగే హక్కు మాకు లేదు. కానీ ఆయన కిటికీ దగ్గరికి వచ్చి కూర్చుంటున్నారు. మళ్ళీ బీరువా పక్కకి నేను పంపాలి. అది ఎప్పుడు చేయాలో చెబితే చేస్తాను. సెలవులూ సెలవుచీటీలూ రాయకండి.

ఈ ఉత్తరం ఆయనకు తెలియదు.

మీ మరదలు


ఏప్రిల్ 14

అమ్మాయ్,

మనసు మారలేదు. ఇరవైరెండుకి తీసుకురా. ముందురోజే రండి. కొత్త చొక్కా అక్కర్లేదు, గుండీలు ముందుకుండే పాతది చాలు.

నువ్వు అడిగిన తీరు నాకు తప్పుగా అనిపించలేదు. నీ స్థానంలో నేనుంటే ఇంతకంటే అడ్డంగా అడిగేదాన్ని.

వదిన


జూన్ 25

వదినా,

మొన్న ఇరవైరెండుతో రెండు నెలలు. కన్ను ఎరుపు తగ్గింది. ఇక్కడి డాక్టరు దీపం వేసి చూసి, పొర నిలబడింది అన్నారు. మేఘం పట్టినట్టుందట ఆయనకి, కానీ ఆ మేఘంలో మనుషులున్నారట. మొదట చూసింది నన్ను కాదు. గోడ మీద స్విచ్చి. అది తెల్లగా ఉందన్నారు. ఆ తర్వాత నావైపు తిరిగి, "నువ్వు సన్నబడ్డావు," అన్నారు. సంతోషించాలని తెలుసు. కూర్చుండిపోయాను. చేతిలో గిన్నె ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

ఏప్రిల్‌లో నేను రాసిన ఉత్తరం చించేయండి. మీరు చించి ఉండరు. చించండి.

ఒక సంగతి మనసులోంచి పోవడం లేదు. ఆసుపత్రిలో మిమ్మల్ని చూసినప్పుడు మీ రెండు కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. తీసింది కుడి కంటినుంచి కదా. రెండోదానికేమైంది? ఏడ్చారనుకున్నాను. మీరు ఏడవగా ఎవరూ చూడలేదంటారు ఈయన.

మీ మరదలు


జూలై 14

అక్కా,

నేనే రాస్తున్నాను. అక్షరాలు పెద్దవి. పేజీకి నాలుగు లైన్లే పడుతున్నాయి. నవ్వకు.

ఉత్తరాలన్నీ తీసి ముందేసుకున్నాను. అన్నిట్లో మొదట ఏడో రోజుది చదివాను. నా కంటితో. ముప్పావుగంట పట్టింది. మా ఆవిడ పైకి చదివినప్పుడు వదిలేసిన మాట ఒక్కటీ లేదు.

మాత్రలు నాకు పడడం లేదు. చేతులు వణుకుతున్నాయి. నోట్లో పుళ్ళు. ఎందుకింకా వేసుకోవాలి అని ఆలోచించాను. నీ ఉత్తరంలోనే ఉంది. సూది దూరే సందు లేకుండా అల్లుకున్నాయని. అంత చక్కగా అల్లుకున్నవి, సొంత అక్కవి, ఇప్పుడెందుకు పోతాయి. వచ్చేవారం నుంచి మానేస్తున్నాను. దీనికి చెప్పలేదు. చెబితే ఏడుస్తుంది. నీకు చెబుతున్నాను.

తమ్ముడు


జూలై 18

ఒరేయ్,

నీ ఉత్తరం అందిన పది నిమిషాల్లో మరదలికి ఫోను చేసి, మాత్రలడబ్బా తన సంచిలో పెట్టుకోమన్నాను. పూటకి తనే తీసి ఇస్తుంది. పుళ్ళకీ వణుకుకీ మోతాదు మార్చడం డాక్టరు పని. ఆయన్ని అడుగు. మానడం లేదు. ఎందుకు మానకూడదో ఆమెకి చెప్పలేదు. అది నీకే రాస్తున్నాను. ఇన్నాళ్ళూ నీకూ నా ఉత్తరానికీ మధ్య ఆమె గొంతు ఉండేది, ఆ గొంతుతో ఇది చదివించలేను. ఇప్పుడు నువ్వే చదువుతున్నావు గనక రాయగలుగుతున్నాను. అక్షరాలు పెద్దవి చేశాను. తొందరపడకుండా చదువు.

మొదటి ముక్క చచ్చిపోయింది. నాలుగో రోజు. తలుపు అద్దంలోంచి చూస్తుంటే తెర మీద కణాలు పొరని వదిలేసి గుండ్రంగా ముడుచుకుని నీళ్ళలో తేలాయి. ఆరోగ్యంగా ఉన్న కణం నేలని పట్టుకుని పరుచుకుని ఉంటుంది. వదిలేసిందంటే అయిపోయినట్టే. పదకొండేళ్ళుగా చూస్తున్నాను, ఎవరూ చెప్పనక్కర్లేదు.

సీసా నాది. ముందురోజు దాన్ని కడుగుతూ నీకు రాయబోయే ఉత్తరంలో వేళాకోళం ఒకటి అల్లుకుంటున్నాను. అది కుదిరేసరికి నవ్వొచ్చింది. నవ్వయ్యాక చూసుకుంటే నాలుగో కడుగులో ఉన్నానో ఏడో కడుగులో ఉన్నానో తెలియలేదు. ఏడే అయ్యుంటుంది అనుకుని డిస్టిల్డ్ నీళ్ళు పట్టాను. ఆ వేళాకోళం ఏమిటో ఇప్పుడు గుర్తులేదు. మేడమ్‌తో ఆ రోజే చెప్పాను. కావచ్చు, కాకపోవచ్చు అంది. ఆ వారం కడిగినవన్నీ మళ్ళీ కడిగించి, సింకు పైన పది నిలువుగీతలున్న చీటీ అంటించింది. ఒక్కో కడుగుకి ఒక్కో గీత మీద వేలు పెడుతున్నాను, చిన్నపిల్లలా.

మేడమ్ నీకు ఫోను చేయబోయింది. నేను ఉత్తరంలో చెబుతానన్నాను. కూర్చుని రాశాను కూడా. రాసింది వేరే.

మరదలు అడిగిన రెండో కన్ను సంగతి అదే. ఏప్రిల్ ఆరున ఎడమ కంటినుంచి రెండో ముక్క తీశారు. నువ్వు నమ్ముకున్న చక్కటి పొర నీ కంట్లో లేదురా. ఉన్నది ఆ రెండో ముక్కది. అది గుండ్రంగా పెరగలేదు. ఒకవైపు నడిచింది, ఇంకోవైపు మొండికేసింది, ఓ మూల చిన్న చిల్లు. పదమూడో రోజున వేయాలా వద్దా అని మేడమూ పెద్ద డాక్టరూ అరగంట వాదించుకున్నారు. నేను బయట స్టూలు మీద కూర్చున్నాను. వేశారు. వేశాక చిల్లు నీ కంట్లోనే పూడుకుంది. ఆ వంకర పొర నీ ఒంట్లో పరాయిది. అది ఉన్నచోట ఉండనిస్తున్నది ఆ మాత్రలే. అల్లిక కాదు, అక్క కాదు.

నీకు కోపం రావాలి. ఏడో రోజు ఉత్తరం విని నువ్వు కంచం ఖాళీ చేశావని మరదలు రాసినప్పుడు, నిజం చెప్పే రోజు దాటిపోయిందని అర్థమైంది. సీసా కడిగినంతసేపు కూడా బాధపడలేదు. ఏమీ అనిపించకుండానే సెలవు అని ఇంకో అబద్ధం రాశాను. అది బాధకంటే చెడ్డదేమో. నాకు తెలియదు.

గుండ్రంగా ఉందన్నానే, పలకల్లా కూర్చున్నాయన్నానే, పొద్దున్నున్న ఖాళీ మధ్యాహ్నానికి పూడిందన్నానే. మేడమ్ బాగుందందన్నానే. మాత్రలు మానడానికి నువ్వు ఆధారం చేసుకున్న ఆ ఏడో రోజు మొత్తం, ఆఖరి సందుతో సహా, సీసాల గదిలో కూర్చుని నేను పుట్టించింది. ఆ రోజు గిన్నె ఖాళీ.

అక్క